మొహమాటపు తాళం

మన భాషలో మొహానికి ఉన్నంత చాకిరీ ఇంకే అవయవానికీ లేదనిపిస్తుంది నాకు. అప్పు తీర్చాల్సిన వాడు మొహం చాటేస్తాడు. నలుగురిలో అవమానం జరిగితే మొహం చెల్లదు. కోడలు మాట్లాడకపోతే మొహం ముడుచుకుందంటారు, మాట్లాడితే మొహం మీదే అనేసిందంటారు. చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టాన్ని కాదనలేక, పక్కింటావిడ అడిగిన పట్టుచీర ఇవ్వననలేక, లోపల ఏడుస్తూ పైకి నవ్వే ఆ జబ్బుకి పెట్టుకున్న పేరు కూడా మొహంలోంచి పుట్టిందే: మొహమాటం. ఇన్ని పనులు చాలవన్నట్టు ఈమధ్య దానికి ఇంకో ఉద్యోగం దొరికింది. తాళంచెవి ఉద్యోగం! ఫోనుని మొహానికెదురుగా పట్టుకుంటే చాలు, అదే తెరుచుకుంటుంది.

మా అత్తగారి రోజుల్లో తాళంచెవుల గుత్తి ఎవరి నడుముకుంటే ఇంట్లో మాట వాళ్ళది. పసుపు అమ్మిన డబ్బులూ, బంగారమూ, భూమి కాగితాలూ అన్నీ ఒక్క సందూకులో ఉండేవి. కోడళ్ళకి ఆ గుత్తి చేతికి రావడానికి పాతికేళ్ళు పట్టేది. కొందరికి అసలు వచ్చేదే కాదు. ఇప్పుడు పద్దెనిమిదేళ్ళ కోడలి చేతిలో కూడా సందూకు ఉంది. బ్యాంకు ఖాతా అందులోనే, చీటీల లెక్కలు అందులోనే, పుట్టింటి మాటలు అందులోనే, కడుపుతో ఉన్నప్పుడు డాక్టరు రాసిన చీటీలు అందులోనే. దానికో తాళం. ఆ తాళం ఎంత గట్టిదీ అన్నది ఆడవాళ్ళం పట్టించుకోవలసిన సంగతే కదా?

నేను కోడలిగా వచ్చిన ఊరు బాల్కొండ. హైదరాబాదు నుంచి నాగపూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూరు దాటాక వస్తుంది. ఊళ్ళో పాత కోట, చుట్టూ పసుపు చేలు. జనవరి వచ్చిందంటే పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడాలు, ఆరబోతలు. వీధంతా పచ్చటి వాసన. ఈ ప్రాంతానికి పసుపు ఒక కాలైతే, బీడీ ఒక కాలు, గల్ఫ్ మూడో కాలు. మా వీధిలో ఇంటికొక మగవాడు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. అక్కణ్ణుంచి సెలవుకొచ్చే వాళ్ళ పెట్టెలో సబ్బులూ సెంటుబుడ్లతోపాటు ఓ ఫోను తప్పదు. రాత్రి తొమ్మిది దాటితే గడప గడపకీ 'ఇమో' మోగుతుంది. ఈ ఊరి ఆడవాళ్ళకి ఫోనంటే షోకు కాదు. మొగుడి మొహం కనిపించే కిటికీ అది.

మా వీధి చివర ఓ పెద్దమ్మ ఉంది. నలభై ఏళ్ళుగా బీడీలు చుడుతోంది. చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, జర్దా పోసి, చుట్టి, దారం కట్టి... ఆ వేళ్ళకి కళ్ళున్నాయా అనిపిస్తుంది. కొడుకు పంపిన ఫోను పట్టుకుని ఒకరోజు మా ఇంటికొచ్చింది.

"బిడ్డా, నా ఏళ్ళు అరిగిపోయినయి. బియ్యం దుకాణం కాడ మిషిని నా ఏలును పడ్తలేదు. గీ ఫోను సుత అట్లనే చేస్తంది. అంకెలంటవా, నాకు యాదికుండయి. ఏదన్న ఉపాయం చెప్పరాదు?" అంది.

మా అమ్మాయి ఆవిణ్ణి వెలుతురులో కూర్చోబెట్టి మొహం ఎక్కించింది. ఆ తర్వాత పెద్దమ్మ ఫోను ఎత్తి చూడడం, అది ఠక్కున తెరుచుకోవడం. మళ్ళీ ఆపి, మళ్ళీ చూసింది. మళ్ళీ తెరుచుకుంది.

"అవ్వో! నా మొకం సూశి తెరుసుకున్నది! ముప్పై ఏండ్లు కాపురం జేసిన మొగడు సుత నా మొకం గింత పట్టి సూడకపాయె," అంటూ ఒకటే నవ్వు.

నాకూ నవ్వొచ్చింది. వెనకాలే మనసు చివుక్కుమంది కూడా. ఆకు కోసి కోసి, పసుపు ఏరి ఏరి, గిన్నెలు తోమి తోమి వేలిముద్రలు చెరిగిపోయిన ఆడవాళ్ళు మన దేశంలో కొల్లలు. వాళ్ళ వేలిని యంత్రం నమ్మదు. అలాంటి వాళ్ళకి మొహం ఒక వరమే. కేంద్ర ప్రభుత్వం కూడా 2021 నవంబరు నుంచి పింఛనుదార్లు తాము బతికే ఉన్నామని రుజువు చేసుకోవడానికి ఫోనుకి మొహం చూపిస్తే చాలునంది. కనక ఈ కొత్త తాళాన్ని నేను ఎద్దేవా చేయడం లేదు. అయితే గియితే ఈ తాళం ఎవర్ని ఆపుతుందో, ఎవర్ని ఆపదో తెలుసుకోవద్దా అంటున్నాను.

నేను చదివింది బి.ఏ. కాలేజీలో సైన్సు గుమ్మం తొక్కి ఎరగను. అయినా మా అమ్మాయిని కూర్చోబెట్టి, పప్పులో ఉప్పెంత అన్నట్టు విడమర్చి చెప్పించుకున్నాను. మొహపు తాళాలు రెండు రకాలట.

ఒకటి ఖరీదైన రకం. ఆపిల్ కంపెనీ 2017లో ఐఫోన్ టెన్‌తో తెచ్చింది. అది మన మొహం మీద కంటికి కనబడని ముప్పై వేలకు పైగా వెలుగు చుక్కలు చల్లుతుంది. ముక్కు ఎత్తెంత, కంటి గుంట లోతెంత, గడ్డం ఎక్కడ వంపు తిరిగింది అని కొలిచి లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్కని ఫోనులోనే విడిగా ఉన్న ఓ చిన్న గదిలాంటి చోట దాచుకుంటుంది, కంపెనీకి పంపదు. దారినపోయే మనిషెవరో వచ్చి తన మొహంతో మన ఫోను తెరవగలిగే అవకాశం పది లక్షల్లో ఒకటి అని ఆ కంపెనీ మాట. వేలిముద్రకైతే యాభై వేలల్లో ఒకటి అన్నారు. వినడానికి బాగానే ఉంది. కాని అదే కంపెనీ ఇంకో మాట కూడా రాసింది. కవలలకీ, పోలికలున్న తోబుట్టువులకీ, పదమూడేళ్ళ లోపు పిల్లలకీ ఆ లెక్క వర్తించదట, పొరపాటు జరిగే అవకాశం ఎక్కువట. ఫోను బజారుకొచ్చిన నెలలోనే వియత్నాంలో బికావ్ అనే సంస్థ వాళ్ళు నూట యాభై డాలర్ల ఖర్చుతో ఓ ముసుగు తయారుచేసి దాంతో తెరిచి చూపించారు. అలాగని ముసుగు చేయించుకుని మరీ మన ఫోను మీద పడేదెవరు లెండి! మంత్రులకీ కోటీశ్వరులకీ ఆ దిగులు.

రెండోది మనలాంటి వాళ్ళ రకం. పది పన్నెండు వేల రూపాయల ఫోన్లలో చాలావాటికి ముందరి మామూలు కెమెరా తప్ప వేరే కన్ను లేదు. అది లోతు చూడదు. బొమ్మ చూస్తుంది, అంతే. 2019లో నెదర్లాండ్స్‌లో వినియోగదారుల సంఘం వారు రకరకాల కంపెనీలవి 110 ఫోన్లు తీసుకుని పరీక్ష చేశారు. వాటిలో 42 ఫోన్లు యజమాని ఫొటో చూపిస్తే తెరుచుకున్నాయి. ఫొటో! మన ఫొటో ఎక్కడ లేదు చెప్పండి? పెళ్ళి ఆల్బంలో ఉంది, బంధువుల ఫోన్లలో ఉంది, గ్రూపుల్లో పుట్టినరోజు శుభాకాంక్షల కింద ఉంది. ఆ తర్వాత వచ్చిన ఫోన్లు కొంత మెరుగుపడ్డాయి, నిజమే. అయినా మొహం ఎక్కించేటప్పుడు చాలా ఫోన్లు చిన్న అక్షరాల్లో, మీ పోలికలున్న వాళ్ళు కూడా దీన్ని తెరవగలరు అని చెబుతాయి. మనం చదవం. కింద ఉన్న 'సరే' నొక్కేస్తాం.

మా వీధిలోనే అక్కాచెల్లెళ్ళిద్దరు ఒకే ఇంటి కోడళ్ళు. అచ్చుగుద్దినట్టుంటారు. అక్క ఫోను చెల్లెలికి తెరుచుకుంటుంది, చెల్లెలి ఫోను అక్కకి తెరుచుకోదు. "దానికన్న నాకే సిగ్గెక్కువ వదినా, నా ఫోనుకు సుత సిగ్గెక్కువ," అని చెల్లెలు వేళాకోళం. అసలు సంగతి, ఫోన్లు రెండూ వేరే రకాలు.

ఇంకో తమాషా వినండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ తాళాలకి మూడు తరగతులున్నాయి. అడుగు తరగతి తాళం ఫోను తెరవడానికి మాత్రమే పనికొస్తుంది, బ్యాంకు యాప్ గడప తొక్కనివ్వరు. ఉత్తి కెమెరాతో పనిచేసే మొహపు తాళాలు సాధారణంగా ఈ తరగతివే. అంటే డబ్బు దగ్గరికొచ్చేసరికి దాన్ని చేసిన వాళ్ళే నమ్మరన్నమాట. మన ఫొటోలకీ, ఉత్తరాలకీ మాత్రం అది చాలునట. పైగా 2025 అక్టోబరులో యు.పి.ఐ. చెల్లింపులకి అంకె బదులు వేలిముద్రో మొహమో చూపించే వీలు కూడా ప్రకటించారు, ఇష్టమున్న వాళ్ళకే అనుకోండి. మొహం విలువ రోజురోజుకీ పెరుగుతోంది. పెరిగే కొద్దీ భద్రంగా ఉండాలి కదా?

ఇంతవరకూ చెప్పింది బయటి దొంగ సంగతి. మనలో మన మాట, ఆడవాళ్ళ ఫోను తెరిచేది ఎక్కువగా బయటి దొంగలు కారు.

మా అబ్బాయినే చూడండి. నేను పోపు వేస్తుంటే వెనకనుంచి వచ్చి, "అమ్మా, ఒక్కసారి ఇటు చూడు," అంటాడు. పాపం ఏదో చూపిస్తాడు కాబోలని తిరుగుతాను. నా ఫోను నా మొహానికెదురుగా ఉంటుంది. తెరుచుకోగానే వాడు మాయం. ఆ మధ్యాహ్నమంతా వాడి ఆటకి నా మొహం పెట్టుబడి. దీనికి నవ్వుకోవచ్చు, నవ్వుకుంటాం కూడా.

అన్నీ నవ్వుకునేవి కావు. నిద్రలో ఉన్నప్పుడు ఈ తాళం ఏం చేస్తుంది? 2019లో గూగుల్ వారి పిక్సెల్ ఫోర్ వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని ఉన్నా తెరుచుకుంటోందని బి.బి.సి. బయటపెట్టింది. కొన్ని నెలలకి గాని దాన్ని సరిచేయలేదు. చైనాలో నాన్నింగ్ అనే నగరంలో ఒకడు, తనతో అంతకుముందు స్నేహంగా ఉన్న అమ్మాయి నిద్రపోతుండగా ఆమె వేలు ఫోనుకి ఆనించి, కనురెప్పలు చేత్తో ఎత్తి మొహం చూపించి, లక్షా యాభై వేల యువాన్లకు పైగా కాజేశాడు. 2020 చివర్లో జరిగిందిది. వాడికి మూడున్నరేళ్ళ జైలుశిక్ష పడింది. చదివినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. డబ్బు పోయినందుక్కాదు. నిద్రపోతున్న మనిషి కనురెప్పని వేళ్ళతో ఎత్తడం అన్న ఆ పని ఊహించుకుని.

అంతదూరం ఎందుకు? మా దూరపు బంధువులమ్మాయి ఒకతె కిందటేడు పుట్టింటికి వచ్చేసింది. మొగుడు తాగడు, కొట్టడు. అందరూ ఆ పిల్లదే తప్పన్నారు. ఒకరోజు నా దగ్గర కూర్చుని చాలాసేపు కొంగు చివర మడతపెడుతూ, విప్పుతూ, చివరికి చెప్పింది. రోజూ రాత్రి అన్నాలయ్యాక అతను ఆమె ఫోను తీసి మొహం ముందు పెట్టేవాడట. అడగడం లేదు, అరవడం లేదు. ఊరికే పెట్టడమే. తెరుచుకోగానే పక్కకి తిరిగి ఒక్కొక్కటీ చదివేవాడట. ఏముంటాయి అందులో? వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులు, తమ్ముడి ఫీజు, జాకెట్టు కుట్టుకూలి, అత్తగారు అన్న మాట ఒకటి.

"తప్పేమీ లేనప్పుడు దాచడమెందుకు అంటాడు పిన్నీ. నిజమే, తప్పేం లేదు. కానీ మా అమ్మకి ఫోన్‌లో ఏడుపొచ్చిందని రాయాలన్నా భయమేసేది. రానురానూ బాగున్నాను తప్ప ఇంకేం రాయలేదు. కళ్ళు తిప్పుకుందామంటే, ఎందుకు తిప్పుకున్నావని అడుగుతాడు," అంది.

తల్లికి కూడా నిజం రాయలేని ఆడపిల్ల! దాన్ని కొట్టడం కాదంటే మరేమనాలి?

చట్టం ఏమంటుందో అని నాకు తెలిసిన వకీలుని అడిగాను. 2008 నాటి తీర్పుల సంపుటాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఒకటుందన్నారు. విడాకుల కేసులో ఓ భర్త, భార్య తన తల్లిదండ్రులతోనూ స్నేహితులతోనూ మాట్లాడిన ఫోను మాటలు ఆమెకి తెలియకుండా రికార్డు చేసి కోర్టుకి తెచ్చాడు. భార్యాభర్తల మధ్యనైనా అది చెల్లదు, ఆమె ఏకాంతపు హక్కుకి భంగం అన్నది హైకోర్టు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చుని, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. విచిత్రం చూడండి, ఆ తర్వాత మూడు వారాలైనా కాకముందే మొహం చూసి తెరుచుకునే ఆ ఐఫోనుని ప్రకటించారు. మరి 2025 జూలైలో అదే సుప్రీంకోర్టు, భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు చేసిన రికార్డింగులు విడాకుల కేసుల్లో సాక్ష్యానికి పనికొస్తాయంది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టేదాకా వచ్చారంటే ఆ కాపురం అప్పటికే చెడిందనీ అంది. చట్టం ఇంటి గుమ్మం దగ్గర నిలబడి ఓ అడుగు లోపలికీ, ఓ అడుగు బయటికీ వేస్తోంది. పడకగదిలో ఫోను ఎవరి చేతిలో ఉందన్నది మనమే చూసుకోవాలి.

ఆ పిల్ల చెప్పింది విన్నాక చాలా రోజులు ఆలోచించాను. అంకె పెట్టుకున్నా అతను అడిగేవాడు కదా, చెప్పక తప్పేది కాదు కదా, తేడా ఏముంది? ఉంది. అంకె అయితే అతను నోరు తెరిచి అడగాలి. "నీ ఫోను నంబరు చెప్పు" అనాలి. ఆ మాట నలుగురిలో అనలేడు, అన్నా బాగుండదని అతనికీ తెలుసు. ఆమె ఇవ్వనని ఒక్కరోజైనా అనవచ్చు. తప్పక ఇచ్చినా, ఇచ్చానని ఆమెకి తెలుస్తుంది. మొహానికి ఆ వీలు లేదు. అది అడక్కుండానే ఇచ్చేస్తుంది. ఎవరు ఎదురుగా పెట్టినా, ఏ మనసుతో పెట్టినా కాదనలేదు. మొహమాటం అంటే ఇదే కదా! మనం మొహమాటపడితే కనీసం మనసులోనైనా తిట్టుకుంటాం. ఈ తాళానికి ఆ పాటి మనసు కూడా లేదు.

దొంగల్ని ఆపడం తాళానికి ఒక పనైతే, లోపలికొచ్చే వాళ్ళ చేత తలుపు తట్టించడం ఇంకో పని. కన్నకూతురి గది తలుపైనా తట్టి వెళ్ళడం మర్యాద. ఆ తట్టే చప్పుడు మొహపు తాళంలో లేదు. ఆడదానికి డబ్బు దాచుకోవడం ఎంత అవసరమో, 'అడిగించుకోవడం' అంత అవసరం అనిపిస్తుంది నాకు.

ఇవన్నీ పెద్దమ్మకి కూడా చెప్పాను. ఆవిడ నా మాటలన్నీ విని, బీడీ కట్ట పక్కన పెట్టి, "బిడ్డా, నా ఇంట్ల నేనొక్కదాన్నే. నా మొకం ముందల పెట్టెటోడెవడు? నాకిదే మంచిగుంది," అంది. ఆవిడకి అదే సరైన తాళం. మా బంధువులమ్మాయికి కాదు. తాళం మంచీచెడూ ఇంట్లో ఉన్న మనుషుల్ని బట్టి కూడా ఉంటుంది. ఆ సంగతి ఫోను కొట్టువాడు చెప్పడు.

మొహమే వాడుకుంటామనే వాళ్ళు కొన్ని జాగ్రత్తలు చేసుకోవచ్చు, కష్టమేమీ కాదు. మీ ఫొటోని ఇంకో ఫోనులో పెట్టి మీ ఫోనుకి చూపించండి. తెరుచుకుందా, ఆ తాళం సంగతి తేలిపోయినట్టే. తర్వాత కళ్ళు మూసుకుని కూర్చుని, మీ అమ్మాయినో చెల్లెల్నో ఫోను మీ మొహం ముందు పెట్టమనండి. తెరుచుకుంటే, కళ్ళు తెరిచి ఉంటేనే తెరుచుకోవాలన్న మీట సెట్టింగుల్లో ఉందేమో వెతికించండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. చాలా ఫోన్లు రెండో మొహాన్ని కూడా ఎక్కించుకోనిస్తాయి. ఫోను కొని తెచ్చినవారో, సరిచేసి ఇచ్చినవారో తమ మొహం కూడా అందులో ఎక్కించుకున్నారేమో ఒకసారి చూసుకోండి. అనుమానమొస్తే ఉన్న మొహాల్ని తీసేసి మీ ఒక్కరిదే మళ్ళీ ఎక్కించుకోవడం మేలు.

మొహం ఎంత గొప్పదైనా వెనకాల ఓ అంకె ఉండనే ఉంటుంది. మొహం కూతురైతే అంకె తల్లి. ఆ అంకె తెలిసిన వాళ్ళు ఎవరి మొహమైనా ఎక్కించగలరు. కనక పెళ్ళిరోజూ, పిల్లల పుట్టినరోజూ కాకుండా, ఇంట్లో ఎవరి తలకీ తట్టని ఆరంకెలు పెట్టుకోండి. బ్యాంకుకి దానికదే వేరే అంకె. పోయిన అంకెని రేపు మార్చుకోవచ్చు. మొహాన్ని మార్చుకోలేం కదా!

ఏ రాత్రయినా మీ మొహం మీదే మీకు నమ్మకం లేకపోతే, ఫోను ఒకసారి పూర్తిగా ఆపి మళ్ళీ వేయండి. అలా వేశాక మొదటిసారి అది మొహాన్ని ఒప్పుకోదు, అంకె అడుగుతుంది. మీరు హాయిగా నిద్రపోవచ్చు.

మా బంధువులమ్మాయి ఇప్పుడు ఆర్మూరులో ఓ బట్టలకొట్లో లెక్కలు రాస్తోంది. మొన్న బస్సులో కలిసింది. చేతిలో అదే పాత ఫోను. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని తీసి, బొటనవేలితో టకటకా ఆరంకెలు నొక్కింది. "మొహంతో అయితే తొందరగా అవుతుంది కదే," అన్నాను, ఏమంటుందో చూద్దామని.

"తొందరేముంది పిన్నీ," అని నవ్వి, వాళ్ళమ్మకి పెద్ద ఉత్తరమే రాయడం మొదలుపెట్టింది.